బంగారాన్ని పీల్చిన పద్నాలుగు మంది

స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో 14 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు రెండు గంటల పాటు బంగారం పీల్చారు. ఊపిరి లోతుగా ఆడాలని మధ్యమధ్య వ్యాయామం కూడా చేశారు. బంగారు కడ్డీల మధ్య విద్యుత్తు రవ్వలు పుట్టిస్తే ఆ చోట లోహం ఆవిరవుతుంది. ఆవిరి చల్లారేటప్పుడు అయిదు నానోమీటర్ల లోపు గింజలుగా గడ్డకడుతుంది. వాళ్లు పీల్చిన గాలిలో ఉన్నవి ఆ గింజలే. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంటే అలాంటి గింజలను పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే వెంట్రుక ఈ అంచు నుంచి ఆ అంచుకు 16,000 పడతాయి.

2017లో ప్రచురితమైన ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న చిన్నదే: ముక్కులోంచి లోపలికి వెళ్లింది ఆ తరువాత ఎక్కడికి వెళ్లింది?

బంగారమే ఎందుకంటే, మన ఇళ్లలో ఎంత దాచుకున్నా ఒంట్లో మాత్రం అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. తుప్పు పట్టదు, ఒంట్లో అంత తేలిగ్గా కరిగిపోదు. ఇప్పటి పరికరాలు రక్తంలో దాని జాడను అత్యల్ప మోతాదులో ఉన్నా పసిగట్టగలవు. స్వర్ణభస్మంలో ఉండేదీ నానో పరిమాణపు బంగారమే కదా అని ఆయుర్వేదం తెలిసినవారు అడగవచ్చు. నిజమే, కానీ అది నోటి గుండా పోయేది. గుమ్మం మారితే దారి కూడా మారుతుంది.

ముందుగా మాటల పేచీ ఒకటి తీర్చుకోవాలి. తెలుగులో ధూళి ముక్కనూ కణమంటాం, శరీరాన్ని కట్టిన ఇటుకనూ కణమే అంటాం. ఈ వ్యాసంలో ధూళిది రేణువు, శరీరానిది కణం.

హైదరాబాద్ రోడ్ల మీద ఓ గంట బండి నడిపి ఇంటికొచ్చి ముక్కు చీదితే చేతిరుమాలుకు నలుపు అంటుతుంది. చూసి కంగారు పడతాం. నాకైతే ఆ నలుపు అంత చెడ్డ కబురుగా తోచదు. అది పట్టుబడిన దొంగ. పట్టుబడనివాడు రుమాలు మీద కనబడడు.

ఎవరు పట్టుబడతారు, ఎవరు తప్పించుకుంటారు అన్నది చాలావరకు పరిమాణం మీద ఆధారపడుతుంది. అయిదు పది మైక్రాన్ల (ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) రేణువు బరువైనది. ఘాట్ రోడ్డు మలుపులో అదుపు తప్పిన లారీలా ముక్కు మలుపుల్లో తిరగలేక గోడకు కొట్టుకుంటుంది. అర మైక్రాన్ దరిదాపుల్లోని రేణువుది విచిత్రమైన స్థితి. మలుపులు తిరిగేంత తేలిక, గాలి అణువుల తోపులాటకు అంతగా చలించనంత బరువు. అందుకే అలాంటివాటిలో ఎక్కువ భాగం లోపలికి వెళ్లి, ఏ గోడనూ తాకకుండా తిరుగు ఊపిరిలో బయటికి వచ్చేస్తాయి. ఇంకా చిన్నవాటిని గాలి అణువులే అటూ ఇటూ తోస్తాయి. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడిలా దిక్కు తెలియక తిరిగి అవి చివరికి ఏదో ఒక గోడకు అంటుకుంటాయి. 20 నానోమీటర్ల రేణువుల్లో దాదాపు సగం ఊపిరితిత్తుల అట్టడుగున ఉన్న వాయుగోణులనే గాలి బుడగల దాకా పోయి అక్కడ ఆగిపోతాయి. ఒక్క నానోమీటరు రేణువులైతే ఆ తోపులాటకు మరీ ఎక్కువగా చెదిరి, సుమారు 90 శాతం ముక్కు గొంతుల్లోనే అంటుకుపోతాయి. కాబట్టి చిన్నదయ్యేకొద్దీ లోతుకు పోతుందనే సూత్రం ఒక హద్దు వరకే పనిచేస్తుంది.

శ్వాసనాళాల్లో ఆగినవాటి సంగతి తేలిక. ఆ గోడల మీద జిగట పొర, దాని కింద శైలికలనే సన్నని నూగు ఉంటుంది. శైలికలు సెకనుకు పది పైచిలుకు సార్లు కొట్టుకుంటూ ఆ జిగటను నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు నెడతాయి. ఒక రోజు అటూ ఇటూగా చెత్త గొంతు చేరుతుంది. అక్కడ మనం ఉమ్మేసేది తక్కువ, తెలియకుండా మింగేసేదే ఎక్కువ. ఊపిరితిత్తులు ఊడ్చిపోసిన చెత్తలో చాలా భాగం చివరికి మలంలో బయటపడడానికి కారణం ఇదే.

ఈ మెట్లదారి వాయుగోణుల దాకా లేదు. అక్కడ జిగటా లేదు, శైలికలూ లేవు. ఉంటే ప్రాణవాయువు రక్తంలోకి దాటేది కాదు. 30 నుంచి 50 కోట్ల దాకా ఉండే ఆ బుడగలను విప్పి పరిస్తే వైశాల్యం నూరు చదరపు మీటర్ల దగ్గర తేలుతుంది. మన స్థలాల లెక్కలో 120 గజాల ప్లాటు. ఆ ప్లాటు మొత్తానికి ఉన్న ప్రహరీ ఏమిటంటే, సన్నని చోట్ల మైక్రాన్‌లో కొంత వంతు మాత్రమే మందం ఉన్న పొర. దానికి ఇవతల గాలి, అవతల నెత్తురు.

కాపలాకు మాక్రోఫేజ్‌లనే కణాలు ఉంటాయి. అమీబాల్లా పాకుతూ, దొరికిన రేణువును చుట్టి మింగి, మెల్లగా శైలికల మెట్లదారి మొదలయ్యే చోటికి చేరుకుంటాయి. మెల్లగా అనడం కూడా తక్కువే. ఈ దారిన వాయుగోణుల్లోని కరగని ధూళిలో సగం తొలగిపోవడానికి ఎలుకలకు రెండు నెలలకు పైగా పడుతుంది. మనుషులకైతే ఏడాది పైమాటే.

ఆలస్యమైనా పెద్ద రేణువుల విషయంలో ఈ కాపలా గట్టిదే. అర మైక్రాన్ పైబడిన ధూళిని ఎలుకలు పీల్చిన మర్నాడు వాటి ఊపిరితిత్తులను నీటితో కడిగితే, దాదాపు 80 శాతం ధూళి మాక్రోఫేజ్‌లతో పాటు బయటికి వచ్చింది. నానో రేణువులతో అదే పని చేస్తే వచ్చింది 20 శాతం. మిగతావి కాపలాదారు కంటబడకుండా గోడ కణాలకు అతుక్కున్నాయి, లేదా వాటి కిందికి జారిపోయాయి. చేపల కోసం అల్లిన వలకు చీమలు దొరకకపోతే అది వల తప్పు కాదు.

అలా జారినవాటిలో కొన్ని శోషరస (లింఫ్) నాళాల్లో పడి, రెండు ఊపిరితిత్తుల నడుమ ఉన్న లింఫ్ గ్రంథులకు చేరతాయి. జీవితమంతా నగరంలో గడిపినవారి శవపరీక్షల్లో ఆ గ్రంథులు బొగ్గుముక్కల్లా కనిపించడం వైద్య విద్యార్థులకు కొత్త కాదు. సిగరెట్ ముట్టనివారిలో కూడా ఆ నలుపు కనిపిస్తుంది.

రేణువులు లింఫ్ దాకా వెళ్తాయని తెలుసు. రక్తంలోకి కూడా వెళ్తాయా? ఇక్కడ ఒక తగవు నడిచింది. 2002లో బెల్జియంలోని లూవెన్‌లో నెమ్మార్ బృందం అయిదుగురు ఆరోగ్యవంతులతో టెక్నీషియం అనే రేడియోధార్మిక లోహం అంటించిన కర్బన రేణువులను పీల్పించింది. ఒక్క నిమిషంలోనే రక్తంలో రేడియోధార్మికత కనిపించింది! పొగ పీల్చిన నిమిషానికి మసి గుండెకు చేరుతుందంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

పిల్లి మెడలో గంట కట్టడమే కష్టమని ఎలుకల కథ చెబుతుంది. కట్టిన గంట ఊడి పడిపోతే ఏం చేయాలో ఆ కథలో లేదు. టెక్నీషియం కర్బనం నుంచి విడిపోగలదు. విడిపోయినది రక్తంలో సులువుగా కలిసిపోయి థైరాయిడ్, మూత్రాశయాల వైపు పోతుంది. ఆ గుణం వల్లే డాక్టర్లు దాన్ని థైరాయిడ్ స్కాన్లకు వాడతారు. కాబట్టి రక్తంలో మోగింది గంటే కావచ్చు, పిల్లి ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉండవచ్చు. 2006లో ఎడిన్‌బరోలో నికొలస్ మిల్స్, డేవిడ్ న్యూబీ, వారి సహచరులు అదే ప్రయోగాన్ని జాగ్రత్తగా చేసి చూస్తే కర్బన రేణువులు రక్తంలోకి దాటిన ఆధారం వారికి దొరకలేదు. స్వీడన్‌లో మరో బృందానికీ ఇంచుమించు అదే ఫలితం. ఇలా కాదని తేల్చిన ఎడిన్‌బరో వారే పదకొండేళ్ల తరువాత బంగారంతో మళ్లీ రంగంలోకి దిగారు. తాము కొట్టేసిన ప్రశ్నను తామే తిరిగి తెరిచి చూసే శాస్త్రవేత్తలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఈలోగా జర్మనీలో క్రైలింగ్ బృందం గంట కట్టే బాధ లేకుండా పిల్లినే గంట లోహంతో పోతపోసింది. రేణువు యావత్తూ రేడియోధార్మిక ఇరిడియమే, ఊడిపోవడానికి ఏమీ లేదు. 15, 80 నానోమీటర్ల ఇరిడియం పీల్చిన ఎలుకల్లో కాలేయం, ప్లీహం, గుండె, మెదడు వంటి అవయవాలకు చేరింది ఒక శాతం కన్నా తక్కువ. 80 నానోమీటర్ల వాటికన్నా 15 నానోమీటర్లవి ఎక్కువగా దాటాయి. ఆరు నెలల పాటు గమనిస్తే ఇంకో సంగతి బయటపడింది. గోడలోకి దూరి కనుమరుగైన రేణువులు తరువాతి నెలల్లో మళ్లీ వాయుగోణుల వైపు తేలి, మాక్రోఫేజ్‌ల మీద మెట్లదారి ఎక్కి, మలంలో బయటికి వస్తున్నాయి. ఊపిరితిత్తి గోడ ఒక గోదాములా పనిచేస్తోంది. సరుకు ఒక్కసారిగా ఖాళీ కాదు, కొద్దికొద్దిగా బయటికి కదులుతుంది.

దాటిన ఆ కాస్త భాగానికి దారి చూపేదీ పరిమాణమే. 2010లో అమెరికాలో చోయ్, ఫ్రాంజియోని, త్సుదా బృందం మెరిసే రేణువులను ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపింది. సుమారు 34 నానోమీటర్ల లోపువి, పైన ధన విద్యుదావేశం లేకపోతే, అరగంటలోనే లింఫ్ గ్రంథులకు చేరాయి. ఆరు నానోమీటర్ల లోపువి రక్తంలోకి వెళ్లి, మూత్రపిండాల జల్లెడ దాటి మూత్రంలో వచ్చేశాయి. ఆ జల్లెడ రంధ్రాలు ఇంచుమించు అంతే. అంతకన్నా పెద్దవి రక్తంలో పడితే వాటికి ఆ తలుపు తెరుచుకోదు. రక్తంలోని ప్రోటీన్లు వాటికి తొడుగు వేస్తాయి, కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉన్న మాక్రోఫేజ్‌లు వాటిని పట్టి ఉంచుతాయి.

ఊపిరితిత్తులను అసలు తాకని అడ్డదారి ఒకటుంది. ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాల కొసలు గాలికి తెరుచుకుని ఉంటాయి, వాటి రెండో కొస నేరుగా మెదడులో ఉంటుంది. పోలియో వైరస్ ఈ నరం వెంట మెదడుకు పాకగలదని 1940ల నాటికే కోతిజాతి జంతువుల్లో చూశారు. ఆ వైరస్ సుమారు 30 నానోమీటర్లు ఉంటుంది. 2004లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒబెర్‌డోర్‌స్టర్ బృందం ఎలుకలకు ఇంచుమించు అంతే ఉన్న కర్బన రేణువులను పీల్పిస్తే వాసన గ్రహించే మెదడు భాగంలో కర్బనం పెరిగింది. అయితే ఎలుక ముక్కు లోపలి పొరలో సగం వాసనకే కేటాయించినది, మనిషికి అది అయిదు శాతం చిల్లర. ఎలుక లెక్కను మనకు అలాగే అన్వయించకూడదు. 2016లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా మాహెర్ బృందం మెక్సికో సిటీ, మాంచెస్టర్ వాసులైన 37 మంది మెదళ్లలో అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ రేణువులను చూసింది. అవి గుండ్రంగా, నున్నగా, కరిగి గడ్డకట్టినట్లు ఉన్నాయి. శరీరం తయారు చేసుకునే అలాంటి స్ఫటికాలకు అంచులు స్పష్టంగా ఉంటాయి. గుండ్రటివి మంటలో, ఇంజన్ వేడిలో పుట్టేవి.

2019లో బెల్జియంలోని హాసెల్ట్‌లో తల్లి మాయలో (ప్లాసెంటాలో), అదీ బిడ్డ వైపున, మసి రేణువులు కనబడ్డాయి.

ఇంతటి చిన్నవాటి గురించి గాలి నాణ్యత బోర్డులు పెద్దగా చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. 2.5 మైక్రాన్ల లోపు ధూళిని అవి బరువులో లెక్కిస్తాయి. 2.5 మైక్రాన్ల ఒక్క రేణువుకు, అదే పదార్థంతో చేసిన 25 నానోమీటర్ల రేణువులు పది లక్షలు కలిస్తేగానీ తూగవు. గాలిలో నానో రేణువులు లక్షల్లో పెరిగినా తక్కెడ ముల్లు కదలదు. డీజిల్ పొగలోనూ, అగరుబత్తి పొగలోనూ, గ్యాస్ పొయ్యి నీలి మంట మీదా పుట్టే రేణువులను లెక్కబెట్టి చూస్తే నానో సైజువి బోలెడు ఉంటాయి. వంటింట్లో కిటికీ తెరిచి, పొగగొట్టం ఫ్యాను వేసుకోవడం ఈ లెక్కలు తెలియకముందు నుంచీ మంచి అలవాటే.

ఇక ఎడిన్‌బరో ఫలితం. 15 నిమిషాల నుంచి 24 గంటల లోపు వాళ్ల రక్తంలోనూ మూత్రంలోనూ బంగారం కనబడింది. 5 నానోమీటర్ల గింజలు, 30 నానోమీటర్ల గింజలు విడివిడిగా పీల్పించి పోలిస్తే చిన్నవే ఎక్కువగా దాటాయి. మరో విడతలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనిలో కొవ్వు పేరుకుని శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్న కొందరు రోగులు ముందుగా బంగారం పీల్చడానికి ఒప్పుకున్నారు. తరువాత కోసి తీసిన ఆ కొవ్వు గడ్డను పరీక్షించారు. వాచి ఉన్న ఆ చోటనే బంగారం దొరికింది. బంగారం హాని చేయదు కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. అదే దారిలో డీజిల్ మసి వెళ్లిందనుకుంటే, దాని ఒంటి నిండా చురుకైన రసాయనాలు అంటుకుని ఉంటాయి. వాయుకాలుష్యం పెరిగిన రోజుల్లో గుండెపోట్లు, పక్షవాతాలు ఎందుకు పెరుగుతాయో చెప్పే వివరణల్లో ఇదొకటి.

ఆ స్వచ్ఛంద సేవకులను మూడు నెలల తరువాత మళ్లీ పిలిచి మూత్రం సేకరించారు. రెండు గంటల పాటు, అదీ ఒకే ఒక్కసారి పీల్చిన బంగారం ఆ సీసాల్లో అప్పటికీ ఉంది.