ఓక్ నేల మీది నల్లమచ్చ

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన చాలా ఇళ్లలో కార్పెట్ కింద ఓక్ చెక్క నేల దాగి ఉంటుంది. న్యూజెర్సీలోనో చికాగో శివార్లలోనో అలాంటి ఇల్లు కొన్న మనవాళ్లు కార్పెట్ తీయించి, కళ తప్పిన పలకలనూ వాటి మీది నల్లమచ్చలనూ చూడగానే అరగదీసే యంత్రాన్ని అద్దెకు తెచ్చే ఆలోచన చేస్తారు. అంతకంటే ముందు చూసుకోవలసింది చెక్క మందం.

ఈ పలకల మందం సాధారణంగా ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. కానీ ఒక పలక అంచున పొడుచుకొచ్చే నాలుక పక్క పలక గాడిలో దూరి ఉంటుంది కాబట్టి, గాడికి పైనున్న సుమారు 6 మి.మీ. మాత్రమే అరగడానికి పనికొస్తుంది. పూర్తిగా ఒకసారి అరగదీస్తే అందులో దాదాపు 0.8 మి.మీ. పోతుంది. పాత యజమానులు ఈ మందంలో ఎంత అరగదీసి వెళ్లారో తెలియాలంటే, వేడిగాలి వచ్చే నేలజాలీని పైకెత్తి పలక అంచును కొలిస్తే సరి.

నల్లమచ్చను మురికి అనుకోవడం పొరపాటు. ఓక్ చెక్కలో టానిన్లనే వగరు పదార్థాలు ఎక్కువ. కారిన నీటిలో మేకుల నుంచో, పూలకుండీ కింది ఇనుప స్టాండు నుంచో కొంచెం ఇనుము కరిగితే, అది టానిన్లతో కలిసి నల్లని పదార్థంగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద, బెల్లంతో పులియబెట్టిన ఇనుపనీటితో గీసిన గీత నల్లబడడానికి కారణం కూడా ఈ చర్యే, ఎందుకంటే కరక్కాయ నిండా ఉన్నవీ టానిన్లే. చెక్కలోకి ఇంకిన ఈ రంగును గరుకు కాగితంతో తొలగించబోతే, మచ్చ పోయేలోపు పలకే పలచబడిపోవచ్చు. ఆక్జాలిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని నీటిలో కరిగే రూపంలోకి తెస్తుంది కనుక, ఆ ద్రావణం పూసి, ఆపైన శుభ్రంగా కడిగితే చెక్క అసలు రంగు చాలావరకు తిరిగి వస్తుంది. ఆ ఆమ్లం విషపదార్థం, చేతొడుగులు తప్పనిసరి, కడగకుండా అరగదీస్తే దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెంపుడు కుక్కల మూత్రపు మచ్చలు దీనికి అన్నిసార్లూ లొంగవు. అక్కడ పలక మార్చడమే నయం.

అంచులు పైకి లేచి, నడుమ పల్లంగా ఉన్న పలకల విషయంలో తొందర మరింత ప్రమాదం. కింద నేలమాళిగ తేమగా ఉంటే పలక అడుగుభాగం పైభాగం కంటే ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే ఆ వంపు. తడి ఉండగానే దాన్ని చదును చేస్తే, తరువాత ఆరినప్పుడు, అరిగిన అంచులు కిందికి దిగి నడుమ గూనిలా మిగులుతుంది. తేమకు మూలం ఆపి, చెక్క పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

మచ్చలూ వంపులూ లేక, పైపూత మాత్రమే మాసిన నేలకు పూర్తి అరగదీత దండగ అని నా అభిప్రాయం. పూతను పైపైన గరుకు చేసి కొత్త పూత వేస్తే చాలు. పాత పూతలో మైనం ఉంటే మాత్రం పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ తరహా కొత్త పూత దానికి అంటుకోదు. చాలా పాత ఇళ్లలో పూత లక్కతో చేసినది కావచ్చు. ఆ లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. పూత లక్కదో కాదో తేల్చుకోవడానికి మూల ఒక చుక్క ఆల్కహాల్ వేసి చూడవచ్చు, లక్కపూతైతే మెత్తబడి జిగురవుతుంది.

అరగదీయక తప్పనప్పుడు పొడి గురించి ఉపేక్ష పనికిరాదు. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. ఇళ్లలో సీసం కలిసిన రంగులను అమెరికా 1978లో నిషేధించింది కనుక, అంతకు ముందటి ఇంట్లో పూతను పరీక్ష చేయించాకే యంత్రం ఆన్ చేయాలి.

పూతకు అవిసె నూనె వాడేవారు గుడ్డల విషయంలో జాగ్రత్తపడాలి. ఈ నూనె ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. గుడ్డలు కుప్పగా ఉంటే వేడి బయటికి పోక అవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో చెక్కపనికి మెరుగు పెట్టినవారు వదిలేసిన నూనె గుడ్డల నుంచి రేగిన మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. పని ముగిసిన వెంటనే ఆ గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు నింపిన మూత ఇనుప డబ్బాలో ముంచి ఉంచాలి.