పెద్ద బంగళాలో సాయంత్రం, ఎవరి తాతముత్తాతల పేరు మీద?

పాత ఎస్టేట్ బంగళాలో వంశచరిత్ర సొసైటీ వాళ్లు సాయంత్రం కలుస్తున్నారంటే పెద్దింటివాళ్ల ముచ్చట్లేగా అనిపిస్తుంది, కానీ అమెరికాలో ఈ విషయం చాలా లోతైనది. అక్కడ ఇలాంటి సొసైటీల్లో మొదటిది 1845లో బోస్టన్‌లో పెట్టారు. 1890లో వచ్చిన డాటర్స్ ఆఫ్ ద అమెరికన్ రెవల్యూషన్ అనే మహిళల సంఘంలో చేరాలంటే స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న పూర్వీకుడి దాకా ఒక్కో తరానికీ ఆధారం చూపించాలి. మరి ఆ ఆధారాలు లేనివాళ్లో?

1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి వేరే పట్టీలు ఉండేవి, వాటిలో యజమాని పేరు రాసి దాని కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే, మనిషి పేరు దాదాపు ఎక్కడా ఉండదు. విముక్తి తర్వాత అందరి పేర్లూ ఎక్కింది 1870 లెక్కల్లోనే. అందుకే నల్లజాతి కుటుంబాల మూలాలు వెతికేవాళ్లు దాన్ని 1870 గోడ అంటారు. ఆ గోడ దాటాలంటే మళ్లీ ఆ యజమాని ఇంటి కాగితాలే దిక్కు, వీలునామాలు, జమాఖర్చు పుస్తకాలు, బానిసలకి దుప్పట్లు పంచిన లిస్టులు. 1799లో అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ రాసుకున్న జాబితాలో ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లోని 317 మంది బానిసలు ఉన్నారు, ఎవరి భార్య ఎవరు, పిల్లలెవరు అనేది కూడా ఉంది. ఆస్తి లెక్క కోసం రాసింది, ఈరోజు వాళ్ల మునిమనవళ్లకి అదే వంశవృక్షం. ఇది తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

1977లో ఒక నల్లజాతి కుటుంబం తరాల కథ చెప్పే రూట్స్ సీరియల్ టీవీలో వచ్చాక ఈ వెతుకులాట బాగా పెరిగింది. 1986లో నార్త్ కరోలినాలోని సోమర్‌సెట్ ప్లేస్ అనే పాత ఎస్టేట్‌లో డొరొతీ స్ప్రూయిల్ రెడ్‌ఫర్డ్ అక్కడి బానిసల వారసుల్ని వెతికి మరీ పిలిచి ఒకచోట కలిపింది, అదే ఎస్టేట్‌లో, ఈసారి సొంతింటికి వచ్చినట్టు. నా లెక్కలో అసలు మలుపు అదే.

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలో మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. 1998లో డీఎన్ఏ పరీక్ష జెఫర్సన్ వంశానికీ, ఆయన దగ్గర బానిసగా ఉన్న సాలీ హెమింగ్స్ కొడుకు వంశానికీ సంబంధం చూపించినా, కుటుంబ శ్మశానం చేతిలో ఉన్న జెఫర్సన్ వారసుల సంఘం మాంటిచెల్లో అసోసియేషన్ 2002లో హెమింగ్స్ వారసుల్ని సభ్యులుగా తీసుకోకూడదని ఓటేసింది. అదే కొండమీద పార్కింగ్ స్థలం పక్కన బానిసల శ్మశానం కూడా బయటపడింది, అక్కడి రాళ్ల మీద మాత్రం ఒక్క పేరూ లేదు.