సగం సరిపోలిన దాత, బొడ్డుతాడు రక్తం: మొండి లుకేమియాకు రెండో దారులు ఎలా పుట్టాయి

కీమోథెరపీకి లొంగని, లేదా ఒకసారి తగ్గి మళ్లీ తిరగబెట్టిన అక్యూట్ లుకేమియాకు (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్‌కు) చాలా సందర్భాల్లో మిగిలే ఆశ, రక్తాన్ని పుట్టించే మూలకణాలను మరొకరి నుంచి తెచ్చి ఎక్కించే మార్పిడి. ఆ మూలకణాలు ఎవరివి కావాలన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. కణాల మీద గుర్తింపు ముద్రల్లా ఉండే హెచ్‌ఎల్‌ఏ అణువుల జన్యువులు తల్లి నుంచి ఒక సగం, తండ్రి నుంచి ఒక సగం వస్తాయి కాబట్టి ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇద్దరు తోబుట్టువులున్నా వారిలో ఒక్కరైనా సరిపోలే అవకాశం 44 శాతం దాటదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో అప్పుడప్పుడు తోబుట్టువులు కాని బంధువులు కూడా సరిపోలుతుంటారు గాని, దాని మీద ఆధారపడి వైద్యం నడపలేరు.

ఈ వైద్యం ఆరంభం ఆశాజనకంగా లేదు. అమెరికాలో డోనల్ థామస్ 1957లో ఆరుగురికి ఎముక మూలుగ ఎక్కించినట్టు ప్రకటించగా, వారిలో ఎవరూ బతికి బట్టకట్టలేదు. పారిస్‌లో జాన్ దోసే ఆ మరుసటి ఏడాది హెచ్‌ఎల్‌ఏ గుట్టు విప్పడం మొదలుపెట్టాకే దాతను ఎంచుకునే శాస్త్రం ఏర్పడింది. 1977లో థామస్ బృందం చివరి దశకు చేరిన వందమంది అక్యూట్ లుకేమియా రోగుల ఫలితాలు వెల్లడించినప్పుడు, జబ్బు లేకుండా మిగిలినవారు 13 మంది. ఈనాటి కళ్లకు చిన్నదిగా కనిపించే ఆ సంఖ్య, మరే వైద్యమూ పనిచేయని రోగుల్లో వచ్చిందని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో దాత లేనివారి కోసం 1974లో లండన్‌లోను, 1986లో అమెరికాలోను రిజిస్ట్రీలు, అంటే కణాలివ్వడానికి ముందుకొచ్చిన బయటివారి జాబితాలు, పుట్టాయి. చెన్నై కేంద్రంగా దాత్రి అనే రిజిస్ట్రీ 2009లో మొదలైంది. అయితే రిజిస్ట్రీ అందరికీ సమానంగా అక్కరకు రాదు. అమెరికా రిజిస్ట్రీ లెక్కల ప్రకారం 2014 నాటికి ఐరోపా సంతతివారికి పూర్తిగా సరిపోలే దాత దొరికే అవకాశం 75 శాతం కాగా, కొన్ని ఆఫ్రికన్ సంతతి సమూహాలకు అది 16 శాతమే. పైగా దాతను వెతికి, ఒప్పించి, కణాలు సేకరించేసరికి నెలలు గడుస్తాయి. తిరగబెట్టిన లుకేమియా అంతకాలం ఆగదు.

ఆ లోటును పూడ్చిన మొదటి దారి బొడ్డుతాడు రక్తం. 1988లో పారిస్‌లోని సాన్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్, ఫాంకోనీ ఎనీమియా (మూలుగ దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) ఉన్న బాలుడికి, చెల్లెలు పుట్టినప్పుడు సేకరించిన బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. ఈ రక్తంలోని రోగనిరోధక కణాలు ఇంకా లేతవి కావడంతో హెచ్‌ఎల్‌ఏ కొంత తేడాగా ఉన్నా శరీరం ఓర్చుకుంటుంది. ముందే సేకరించి అతిశీతలంలో దాచి ఉంచుతారు కాబట్టి వెంటనే అందుతుంది. పెద్దవారికి మాత్రం కణాల సంఖ్య చాలదు. మినెసోటా వైద్యులు రెండు యూనిట్లు కలిపి ఎక్కించి ఆ ఇబ్బందిని కొంత దాటారు గాని, తెల్లకణాలు కోలుకోవడం ఆలస్యమై ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం పోలేదు.

రెండో దారి, సగమే సరిపోలే తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు. దీన్నే హాప్లో మార్పిడి అంటారు. దాత కణాలు రోగి అవయవాల మీద తిరగబడటం, లేదా రోగి శరీరం ఆ కణాలను తోసిపుచ్చడం వల్ల ఇది చాలాకాలం దాదాపు అసాధ్యమనిపించింది. ఇటలీలోని పెరూజా బృందం 1990లలో, ఇలా తిరగబడే టీ కణాలను (ఒక రకం రోగనిరోధక తెల్లకణాలను) దాత కణాల నుంచి వడకట్టి, మూలకణాలను భారీ మోతాదులో ఎక్కించింది. బీజింగ్ వైద్యులు వడకట్టకుండానే గట్టి మందులతో అదుపు చేశారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ బృందం చేసింది చూడటానికి చాలా సాదాగా ఉంటుంది: మార్పిడి తర్వాత మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇవ్వడం. అప్పటికే రోగి కణజాలం మీద రెచ్చిపోయి పెరుగుతున్న టీ కణాలు ఎక్కువగా దెబ్బతింటాయి, మూలకణాలు తమలోని ఒక ఎంజైమ్ వల్ల తప్పించుకుంటాయి. పాత మందు, చవక మందు. ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. మన దేశంలో హాప్లో ఇంతగా వ్యాపించడానికి, నా దృష్టిలో, ఈ చవకతనమే పెద్ద కారణం.

రెండింటినీ పక్కపక్కన పెట్టిన అమెరికా అధ్యయనం 2011లో వెలువడింది. ఒక్కో వైపు 50 మంది. ఏడాదిలో జబ్బు తిరగబెట్టకుండానే చనిపోయినవారు బొడ్డుతాడు వైపు 24 శాతం, హాప్లో వైపు 7 శాతం. జబ్బు తిరగబెట్టినవారు మాత్రం వరుసగా 31, 45 శాతం. ఒక ముప్పు తగ్గితే మరో ముప్పు పెరిగిందన్నమాట. 2021లో వచ్చిన 368 మంది యాదృచ్ఛిక అధ్యయనంలో (ఎవరికి ఏ మార్పిడి అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించినది) రెండేళ్లకు బతికి ఉన్నవారు బొడ్డుతాడు వైపు 46 శాతం, హాప్లో వైపు 57 శాతం. అయితే ఇందులో చేరిన లుకేమియా రోగులు రెమిషన్‌లో, అంటే వైద్యంతో జబ్బు అణిగిన దశలో, ఉన్నవారు; మందుకు లొంగని జబ్బుకు ఈ అంకెలను నేరుగా అన్వయించడం తొందరపాటు.

ఆ మొండి జబ్బు దగ్గరే బొడ్డుతాడు రక్తం పక్షాన ఒక వాదన మిగిలి ఉంది. సియాటిల్ కేంద్రం 2016లో ప్రచురించిన పరిశీలనలో, మార్పిడికి ముందు సూక్ష్మంగా జబ్బు మిగిలి ఉన్న రోగుల్లో, హెచ్‌ఎల్‌ఏ తేడా ఉన్న బయటి దాతల కణాలు పొందినవారికంటే బొడ్డుతాడు రక్తం పొందినవారికి మరణ ప్రమాదం బాగా తక్కువగా కనిపించింది. అది ఒకే కేంద్రం అనుభవం, అందులో పోల్చింది హాప్లోతో కాదు. మరోవైపు మిలాన్ పరిశోధకులు 2009లోనే, హాప్లో తర్వాత తిరగబెట్టిన 17 మందిలో ఐదుగురి లుకేమియా కణాలు దాత కణాలు గుర్తుపట్టే హెచ్‌ఎల్‌ఏ సగాన్నే వదిలించుకున్నాయని చూపారు. అటువంటి రోగికి అదే దాత లింఫోసైట్లను (టీ కణాల వంటి రోగనిరోధక తెల్లకణాలను) మరోసారి ఎక్కించినా ఫలితం ఉండే అవకాశం తక్కువ కాబట్టి, రెండోసారి వేరే సగాన్ని మోసే దాతను వెతకవలసి వస్తుంది.