నల్లరాతి కింద చమురు ఉందా? దక్కన్ పీఠభూమిపై యాభై ఏళ్ల వెతుకులాట

కోనసీమలో గ్యాస్ ఉంది, కాకినాడ తీరానికి అవతల సముద్రంలోనూ ఉంది. మరి దక్కన్ పీఠభూమి మీద ఎందుకు లేదు? పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా హైదరాబాద్‌లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది.

నగరం వరకైతే జవాబు సులువు. గోల్కొండ, బంజారాహిల్స్ గుట్టల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, కరిగిన శిల గడ్డకట్టగా ఏర్పడింది. చమురు పుట్టాలంటే సూక్ష్మజీవుల అవశేషాలు బురదలో కలిసిపోవాలి, ఆ బురద పొరలు పొరలుగా పేరుకోవాలి, లోతున తగినంత వేడికి ఉడకాలి. మన గ్రానైట్‌లో ఆ బురదే లేదు.

చిక్కంతా పడమటి వైపే. శంకర్‌పల్లి, వికారాబాద్ ప్రాంతాల్లో మొదలయ్యే నల్లరాయి, అంటే బసాల్ట్, మహారాష్ట్రలో చాలా భాగాన్ని కప్పేసింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా అది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. ఇటు తూర్పు అంచున పలుచన, పడమటి కనుమల దగ్గర మందం చాలా ఎక్కువ. లావా పారకముందు ఆ నేల మీద ఏముండేది? సముద్రపు బురదా, ఒట్టి గ్రానైటా? చమురు ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

కిందికి చూద్దామంటే బసాల్ట్ చూడనివ్వదు. సీస్మిక్ సర్వేలో నేలలోకి ప్రకంపనలు పంపి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే వాటిని జియోఫోన్లతో, అంటే నేల కదలికను పసిగట్టే పరికరాలతో, పట్టుకుంటారు. లావా పొరలు ఆ శక్తిని చెదరగొట్టేస్తాయి. పైగా గట్టి రాయి కింద మెత్తటి అవక్షేప శిల (పేరుకున్న బురద, ఇసుక గట్టిపడిన రాయి) ఉంటే, పొరల్లో వంగి ప్రయాణించే తరంగాల మీద ఆధారపడే రిఫ్రాక్షన్ పద్ధతికి ఆ పొర అసలు దొరకదు.

ఈ వెతుకులాటకు పెద్ద ఆధారం మన ఊళ్లోనే ఉంది. 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), సోవియట్ సాయంతో 1972లో కావలి నుంచి ఉడిపి దాకా దేశంలోనే తొలి డీప్ సీస్మిక్ సర్వే మొదలుపెట్టింది. తర్వాత భూమి గురుత్వాకర్షణలో తేడాలు కొలిచే గ్రావిటీ, నేల లోపలి పొరలు విద్యుత్తును ఎంత పోనిస్తాయో కొలిచే మాగ్నెటోటెల్లూరిక్ పద్ధతులు తోడయ్యాయి. బసాల్ట్, గ్రానైట్ విద్యుత్తును సరిగా పోనివ్వవు, తడి ఉన్న అవక్షేప శిల పోనిస్తుంది. ఆ తేడా వల్లే నల్లరాయి కింద ఏముందో కొంతైనా తెలిసింది. మట్టి నమూనాలు తెచ్చి, జల్లించి, ఆమ్లం కలిపి, అందులో చిక్కుకున్న మీథేన్, ఈథేన్ ఆనవాళ్లను కొలిచే పని కూడా ఇక్కడి ప్రయోగశాలలో జరిగింది.

నిక్కచ్చి జవాబులు రెండు భూకంపాల పుణ్యమా అని దొరికాయి. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారిలో వేల మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ వేసిన బోరులో 338 మీటర్ల బసాల్ట్, దాని కింద కేవలం 8 మీటర్ల అవక్షేపం, ఆ వెంటనే పునాది శిల, అంటే అన్నిటికీ అడుగున ఉండే పాత గట్టి రాయి. 1967 భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కొయనా దగ్గర వేసిన బోరులోనైతే 930 మీటర్లు దాటాక నేరుగా గ్రానైటే, మధ్యలో అవక్షేపం ఊసే లేదు. ఇంత స్పష్టంగా చెప్పాక దక్షిణ భాగం మీద ఆశ పెట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

ఉత్తరాన మాత్రం కథ వేరు. నర్మదా లోయలోని బాగ్ దగ్గర సముద్ర జీవుల శిలాజాలున్న పొరలు పైకే కనిపిస్తాయి, అంటే లావాకు ముందు కడలి అక్కడిదాకా వచ్చింది. సౌరాష్ట్రలో లోధికా దగ్గర ఓఎన్‌జీసీ వేసిన బావిలో ఒకటిన్నర కిలోమీటర్ల బసాల్ట్ దాటాక మందమైన అవక్షేపాలు తగిలాయి. తపతి పరిసరాల్లోనూ అలాంటి పొరలు ఉన్నాయనే సర్వేలు సూచిస్తున్నాయి.

తెలంగాణకు దగ్గరి సంగతి గోదావరి లోయది. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. అంత పెద్ద జంతువుల ఎముకలను సైతం దాచగలిగినంత బురద, ఇసుక ఆ లోయలో పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు ఉన్నదీ ఆ లోయలోనే. దిగువన మండపేటలో గ్యాస్ పుట్టింది కూడా ఆ కాలపు బొగ్గు పొరల్లోనే. అక్కడ అవి కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి ఉడికాయి, పైన గ్యాస్‌ను ఆపే మూత దొరికింది. సింగరేణి గనుల దగ్గర ఆ బొగ్గే పైపైన ఉంది. మీథేన్ ఉన్నా పెద్ద నిల్వగా మారాలంటే కావాల్సిన లోతు, మూత రెండూ తక్కువే.

దేశంలోని 26 అవక్షేప బేసిన్లను (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతాలను) ప్రభుత్వం మూడు తరగతులు చేసినప్పుడు దక్కన్, ప్రాణహిత-గోదావరి, కడప మూడూ చివరి తరగతిలోకే వెళ్లాయి. చమురు లేదని కాదు, నిరూపణ కాలేదని దాని అర్థం. 2016లో మొదలైన జాతీయ సీస్మిక్ కార్యక్రమం 48,243 లైన్ కిలోమీటర్ల (సర్వే గీతల మొత్తం పొడవు) సర్వేను లక్ష్యంగా పెట్టుకుంది, అది మంచి పనే. కానీ నల్లరాయి విషయంలో సర్వే ఎక్కడ ఆగిపోతుందో కిల్లారి, కొయనా చూపించాయి. దశాబ్దాల తరబడి బోర్లు వేశాకే 2020లో బెంగాల్ బేసిన్‌లో అశోక్‌నగర్ నుంచి చమురు తీయడం మొదలైంది. తపతి దగ్గర చమురు దొరుకుతుందన్న హామీ లేకపోయినా, పొరలు చూడటం కోసమే ప్రభుత్వ ఖర్చుతో రెండు మూడు లోతైన బోర్లు వేయాలి. ఏ ప్రైవేటు కంపెనీ ఆ డబ్బు పెట్టదు.