"ఒప్పుకుంటే ఫైన్‌తో అయిపోతది": ఇది నమ్మకండి

హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టు గేటు బయట కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "ఒప్పుకో తమ్మీ, వెయ్యి రూపాయలు ఫైన్ కట్టి ఇంటికి పో. వాయిదాల టెన్షన్ ఉండది." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ వకీలుగా నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందిని దెబ్బతీసింది ఈ సలహానే.

అపోహ: ఫైన్ కడితే కేసు కొట్టేసినట్టే.

వాస్తవం: కానే కాదు. మీరు నేరం ఒప్పుకుంటే కోర్టు ముందు మిమ్మల్ని దోషి అంటుంది, ఆ తర్వాతే ఫైన్ వేస్తుంది. వంద రూపాయలైనా అది శిక్షే. రాజీ వేరు. రాజీకి వీలున్న సెక్షన్లో దెబ్బ తిన్న మనిషి వచ్చి రాజీ పడితే, చట్టం లెక్కలో మీరు నిర్దోషిగా బయటపడ్డట్టే. లోక్ అదాలత్ హడావిడిలో కొందరి కేసు రాజీతో, కొందరిది ఒప్పుకోలుతో ముగుస్తుంది. బయటికొచ్చాక అందరూ "లోక్ అదాలత్‌ల అయిపోయింది" అనే అంటారు. ఏది జరిగిందో ఆర్డర్ కాపీ చదివితేనే తెలుస్తుంది.

పరకాల వైపు ఒక అబ్బాయి దసరా రాత్రి చిన్నాయన కొడుకుతో కొట్లాడాడు. ఐపీసీ 323 (కొట్టి మామూలు గాయం చేయడం) కింద కేసైంది. చార్జిషీట్ పడేనాటికి ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు. ఆ తమ్ముడు కోర్టుకు వచ్చి ఒక్క మాట చెబితే రాజీ అయ్యేది. ఎవరూ చెప్పలేదు. ఈ అబ్బాయి "ఒప్పుకుంటున్న సార్" అన్నాడు, ఫైన్ కట్టాడు. నాలుగేళ్లకు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయితే అటెస్టేషన్ ఫారంలో ఆ ప్రశ్న ఎదురైంది: ఏ కేసులోనైనా శిక్ష పడిందా? తండ్రి ఫైన్ రసీదు పట్టుకొని వచ్చి, "కట్టినం గద వకీల్ సాబ్, ఇంక కేసెక్కడిది?" అన్నాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు. ఒప్పుకున్నవాళ్లు శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే అప్పీలు చేసుకోగలరు, నేరం చేయలేదని కాదు.

దాచకుండా రాయమన్నాను. చిన్న కేసులో పడ్డ శిక్షను ఉద్యోగమిచ్చేవాళ్లు తమ విచక్షణతో పక్కన పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. దాస్తే దాచినందుకు ఇంకో తప్పు మెడకు చుట్టుకుంటుంది.

కాబట్టి నోరు తెరిచే ముందు వకీలును ఒక్కటి అడగండి: ఇది రాజీ సెక్షనేనా? వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.

శిక్షల మీద ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. యావజ్జీవం అంటే 14 ఏళ్లు, జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు అనే మాట ఎవరు పుట్టించారో గానీ అబద్ధం. యావజ్జీవం అంటే బతికినంత కాలం అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. హత్య లాంటి కేసుల్లో ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలి, ఆ అంకె అక్కడిది. ఇక రిమాండ్‌లో గడిపిన రోజులు వృథా కావు, జైలుశిక్షలోంచి తీసేస్తారు. ఫైన్ కట్టనందుకు పడే జైలుకు మాత్రం ఆ లెక్క వర్తించదు.

దోషి అన్నాక ఇంక చెప్పేదేం లేదనుకోవడం మరో పొరపాటు. సెషన్స్ కేసులో (పెద్ద నేరాల కేసులో) శిక్ష వేసే ముందు, శిక్ష గురించి ఏం చెప్పుకుంటావని జడ్జిగారు ముద్దాయిని విడిగా అడగాల్సిందే. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అంతే. నర్సంపేట నుంచి వచ్చిన పిల్లాడొకడు ఆ ప్రశ్నకు ఏడుస్తూ నిలబడ్డాడు. 21 నిండనివాళ్లను, యావజ్జీవం పడే నేరం కాకపోతే, కారణం రాయకుండా జైలుకు పంపకూడదని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతుంది. వాడి వయసుకు రుజువు కావాలి. వెనక బెంచీ మీదున్న తల్లి సంచిలోంచి పాలిథీన్ కవర్లో చుట్టిన టెన్త్ మెమో తీసింది. ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించుకొని, జడ్జిగారు వాణ్ని మంచి నడవడికతో ఉంటానన్న బాండ్ మీద ఇంటికి పంపారు.