రెండో స్థానం ఖరీదెంత?

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఫార్ములా వన్ కార్ల రేసులంటే పిచ్చి. మొన్న ఫోన్ చేసి ఒక ప్రశ్న వేశాడు. "మావయ్యా, 2023లో మాక్స్ వెర్‌స్టాపెన్ ఒక్క సీజన్‌లోనే 575 పాయింట్లు కొట్టాడు. అయిర్టన్ సెన్నా జీవితం మొత్తమ్మీద తెచ్చుకున్నవి 614. మరి సెన్నాని అంత గొప్పవాడని ఎందుకంటారు?"

సగం జవాబు వాడికీ తెలుసు. సెన్నా కాలంలో రేసు గెలిస్తే 9 పాయింట్లు, ఆఖరి సీజన్లలో 10. ఇప్పుడు 25. రేసులూ పెరిగాయి. మా తాతగారి జీతాన్నీ నా జీతాన్నీ రూపాయల్లో పోల్చి ఎవరు బాగా బతికారో తేల్చలేం కదా! నాకు ఇష్టమైనది ఆ మిగతా సగం.

గెలుపుకి ఎన్ని పాయింట్లు అన్న అంకెలో ఏమీ లేదు. దాన్ని 10 చేయండి, 1000 చేయండి. మిగతా స్థానాల్ని కూడా అదే లెక్కన పెంచితే ఛాంపియన్ మారడు. చూడాల్సింది ఒక్కటే: రెండో స్థానం గెలుపులో ఎన్నో వంతు? 1950లో 8కి 6, అంటే 75 శాతం. 1961 నుంచి 9కి 6, సుమారు 67 శాతం. 1991 నుంచి 10కి 6, అంటే 60. 2003లో 10కి 8 చేశారు, ఒక్కసారిగా 80! 2010 నుంచి 25కి 18, అంటే 72. 25 వచ్చాక గెలుపు విలువ బాగా పెరిగిందని చాలామంది అనుకుంటారు. 2003తో పోలిస్తే పెరిగింది, నిజమే. 1991తో పోలిస్తే తగ్గింది.

2003లో ఎందుకు మార్చారంటే, అంతకుముందు ఏడాది మైకేల్ షూమాకర్ జూలైలోనే, ఇంకా ఆరు రేసులుండగానే టైటిల్ ఎగరేసుకుపోయాడు. టెన్షన్ లేకపోతే చూసేదెవరు? రెండో స్థానాన్ని గెలుపుకి దగ్గరగా జరిపితే, వెనకున్నవాడు మరీ వెనకబడిపోడు.

అది ఎంతగా పనిచేసిందో చూడ్డానికి నేను వాడే పద్ధతి ఏడో తరగతి లెక్కల్లోది: ఇటూ అటూ సమానంగా ఉన్నవి కొట్టెయ్యడం. బళ్లో దీన్ని ఒక నియమంలా బట్టీ పట్టిస్తారు, నాకు అదే బాధ. ఎదురుగా ఒక తక్కెడ పెట్టి, రెండు పళ్లేల్లోంచీ ఒకే రాయి తీసేస్తే ముల్లు కదలదని ఒక్కసారి చూపిస్తే చాలు, పిల్లలు జన్మలో మర్చిపోరు.

2003 సీజన్‌ని తక్కెడలో వేద్దాం. షూమాకర్ 93, కిమి రైకోనెన్ 91. ఇద్దరికీ ఉన్న గెలుపులు, మూడో స్థానాలు, నాలుగో స్థానాలు, ఆరో స్థానం కొట్టేస్తే షూమాకర్ పళ్లెంలో మిగిలేవి ఐదు గెలుపులు, ఒక ఐదో స్థానం, ఒక ఏడు, రెండు ఎనిమిదులు. రైకోనెన్ పళ్లెంలో ఏడు రెండో స్థానాలు. అంతే. ఐదు గెలుపులంటే 50, ఏడు రెండో స్థానాలంటే 56! ఆరు రేసులు గెలిచిన షూమాకర్‌ని, ఒక్కటంటే ఒక్క రేసు గెలిచిన రైకోనెన్ మీద గట్టెక్కించింది ఆ ఐదు, ఏడు, ఎనిమిదో స్థానాల చిల్లర, మొత్తం 8 పాయింట్లు. పాత 10-6 పద్ధతిలో అయితే 52కి 42, తేడా పది. ఇప్పటి పద్ధతిలో 149కి 126.

1988 ఇంకా విచిత్రం. అలెన్ ప్రోస్ట్ ఆ ఏడాది 16 రేసుల్లో 14 పూర్తి చేశాడు: ఏడు గెలుపులు, ఏడు రెండో స్థానాలు. అంతకన్నా కింద ఎక్కడా లేడు. మొత్తం 105 పాయింట్లు. సెన్నావి 94. ఛాంపియన్ సెన్నా! అప్పట్లో బాగా వచ్చిన 11 ఫలితాలే లెక్కలోకి తీసుకునేవారు. కార్లు మాటిమాటికీ ఆగిపోయే రోజుల్లో పుట్టిన నియమం అది, కారు చెడిపోయినవాడు మరీ నష్టపోకుండా. మన కాలేజీల్లో మూడు టెస్టుల్లో మంచివి రెండు తీసుకున్నట్టే. ప్రోస్ట్ మూడు రెండో స్థానాలు పారేసుకోవాల్సి వచ్చింది, 18 పాయింట్లు పోయి 87 మిగిలాయి. సెన్నాకి పోయినవి నాలుగే, 90 నిలిచాయి. అన్ని రేసులకీ వెళ్లి ఒక్కటీ పాడుచేసుకోనివాడికి అది శిక్ష. 1991లో ఆ నియమం తీసేయడం నా దృష్టిలో ఫార్ములా వన్ పాయింట్ల చరిత్రలో అన్నిటికన్నా మంచి పని.

కొట్టేసి చూడండి: సెన్నా వైపు ఒక గెలుపు, ఒక నాలుగు, ఒక ఆరు, ఒక పది. ప్రోస్ట్ వైపు నాలుగు రెండో స్థానాలు. అన్ని ఫలితాలూ లెక్కపెడితే 9-6 అయినా, 10-6 అయినా, 25-18 అయినా ప్రోస్టే. సెన్నా నెగ్గాలంటే పాయింట్లు మానేసి గెలుపులే లెక్కపెట్టాలి. 2009 మార్చిలో సరిగ్గా ఆ నియమమే ప్రకటించారు. జట్లు ఒప్పుకోలేదు, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

ఇక 2008. ఆ నవంబర్ 2న బ్రెజిల్‌లోని ఇంటర్లాగోస్‌లో ఫెలిపే మస్సా గెలిచి గీత దాటాడు. ఫెరారీ గ్యారేజీలో అతని ఇంట్లోవాళ్లు ఎగిరి గంతేశారు. టైటిల్ కోసం అతనితో పోటీపడుతున్న లూయిస్ హామిల్టన్ ఇంకా ఆరో స్థానంలో ఉన్నాడు, అంటే టైటిల్ మస్సాదే. వానలో పొడి రోడ్డుకి వాడే టైర్లతో జారుతూ వస్తున్న టిమో గ్లాక్‌ని హామిల్టన్ ఆఖరి మలుపుల దగ్గర దాటేసి ఐదో స్థానంలోకి వచ్చాడు. మస్సా తర్వాత సుమారు 39 సెకన్లకి అతను గీత దాటాడు. 98కి 97.

"మస్సాకి టైం బాలేదు" అన్నవాళ్లు మన దగ్గరా చాలామంది. హంగరీలో మూడు ల్యాప్‌లుండగా ఇంజిన్ పోయింది, సింగపూర్‌లో ఇంధనం గొట్టం ఊడకుండానే బయల్దేరాడు. వీటికి గ్రహాలు అక్కర్లేదు, తక్కెడ ఉంది. కొట్టేస్తే మస్సా వైపు ఒక గెలుపు, ఒక ఆరో స్థానం. హామిల్టన్ వైపు ఒక మూడో స్థానం, రెండు ఐదో స్థానాలు, ఒక పదో స్థానం. ఆనాటి లెక్కన 10+3కి 6+4+4. పదమూడుకి పద్నాలుగు. 1991 లెక్కన 11కి 8, ఛాంపియన్ మస్సా. ఇప్పటి లెక్కన 33కి 36, మళ్లీ హామిల్టన్.

ఇక్కడ మా వాడు పట్టుకున్నాడు. "నియమం మారితే డ్రైవింగ్ కూడా మారుతుంది కదా మావయ్యా?" మారుతుంది. ఆ రోజు హామిల్టన్‌కి ఐదో స్థానం చాలు, అందుకే ఐదో స్థానానికే నడిపాడు. 1991 పద్ధతిలో అయితే అతనికి రెండో స్థానం కావాలి. వాన రోడ్డు మీద, రెండో స్థానంలో ఉన్న అలోన్సో వెంట పడక తప్పేది కాదు.

ఇప్పటి పద్ధతిలో అయితే గ్లాక్‌ని దాటక్కర్లేదు. హామిల్టన్ ఆరో స్థానంలోనే ఆగిపోయాడనుకోండి, అది మస్సా ఆరో స్థానంతో కొట్టుకుపోతుంది. మస్సా వైపు మిగిలేది ఒక్క గెలుపు, 25. ఇటువైపు ఒక మూడు, ఒక ఐదు, ఒక పది: 15+10+1, మొత్తం 26. ఆ ఒక్క పాయింటు లేకపోతే ఇద్దరూ సమానం, గెలుపులు ఎక్కువున్న మస్సాకే టైటిల్. ఆ పదో స్థానం ఫ్రాన్స్‌లోని మాన్యీకూర్‌లో వచ్చింది, కెనడాలో చేసిన తప్పుకి శిక్షగా గ్రిడ్‌లో, అంటే కార్లు బయల్దేరే వరసలో, పది స్థానాలు వెనక్కి జరిపిన రేసులో. ఆ రోజున దానికి వచ్చిన పాయింట్లు సున్నా.