వేసవిలో ముసురుకునే న్యుమోనియా

న్యుమోనియా అనగానే మనకు చలికాలమే గుర్తొస్తుంది గానీ, లెజియనేర్స్ వ్యాధి అనే న్యుమోనియా అమెరికాలో, యూరప్‌లో ఎక్కువగా వేసవిలో మొదలై అక్టోబర్ దాకా సాగుతుంది. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది, ఈ వ్యాధికి పేరొచ్చింది ఆ సంఘం నుంచే. ఇళ్లకు చేరాక ఒక్కొక్కరే జ్వరంతో మంచం పట్టారు, ఆ సభ్యుల్లో 29 మంది చనిపోయారు, కారణం మాత్రం నెలల తరబడి అంతుపట్టలేదు.

చివరికి కారణమని తేలిన లీజియోనెల్లా అనే బాక్టీరియా ఉండేది నీళ్లలో. గోరువెచ్చటి నీళ్లు దొరికితే అమీబాల కడుపులో దూరి పెరుగుతుంది. పెద్ద భవనాల ఏసీల కోసం పైన పెట్టే కూలింగ్ టవర్లు వేసవంతా నడుస్తూ సన్నటి తుంపరని గాల్లోకి వదులుతుంటాయి, కింద నడిచేవాళ్లు దాన్ని పీలుస్తారు. ఎండ ఒక్కటే కారణం కాదు: వాన, గాలిలో తేమ పెరిగిన 6 నుంచి 10 రోజులకు కేసులు పెరుగుతున్నాయని ఫిలడెల్ఫియా ప్రాంతం లెక్కలతో చేసి 2005లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. తుంపర పీల్చాక జబ్బు బయటపడటానికి మామూలుగా పట్టే సమయమూ దాదాపు అంతే.

అదే గాలి పీల్చిన అందరికీ జబ్బు రాదు. 50 దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఎక్కువగా జబ్బుపడతారు, ఆడవాళ్లకంటే మగవాళ్లలో కేసులు ఎక్కువ. అయితే వయసు, సిగరెట్ అంటూ నెపమంతా రోగి మీదికి నెట్టేస్తే నేనొప్పుకోను. న్యూయార్క్‌లో పేదరికం ఎక్కువున్న పేటల్లో ఈ జబ్బు కూడా ఎక్కువే. 2015 వేసవిలో అక్కడి సౌత్ బ్రాంక్స్‌లో ఒక్క కూలింగ్ టవర్ వల్ల 138 మంది జబ్బుపడి 16 మంది పోయారు, ఆ తర్వాతే టవర్లన్నిటినీ నమోదు చేసి పరీక్షించాలని నగరం చట్టం తెచ్చింది. అయినా 2025 వేసవిలో అదే నగరంలోని హార్లెమ్‌లో 114 మందికి వచ్చింది, ఏడుగురు చనిపోయారు.

మన అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేదీ చాలావరకు ఆ వేసవి నెలల్లోనే, పైగా అరవై దాటిన వయసులో. అక్కడ తీవ్రమైన జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే గత రెండు వారాల్లో ఏ హోటల్లో దిగారో, హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) వాడారో డాక్టర్‌కి చెప్పండి. బాక్టీరియా మన కణాల లోపలే దాక్కుంటుంది కాబట్టి అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ పనిచేయవు, అజిత్రోమైసిన్ లేదా లీవోఫ్లాక్సాసిన్ కావాలి. మూత్ర పరీక్ష త్వరగా తేలుస్తుంది, కానీ అది ప్రధానంగా ఈ బాక్టీరియాలో ఒక్క రకాన్నే పట్టుకుంటుంది, అందుకే నెగటివ్ వచ్చినా అనుమానం గట్టిగా ఉంటే కఫం పరీక్ష కూడా అడగాలి.